నొక్కి పట్టుకో – 9: అక్క బొటనవేలు

పోయిన వారం మనం బొత్తాలమ్మను గాజు గోడకి ఇవతల, రెండు చేతులూ నలుపుకుంటూ నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. మనకి వారం గడిచింది గానీ ఆమెకి అర నిమిషం కూడా గడవలేదు. ఈ వారమే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముందుకి పోదాం. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

బొత్తాలమ్మ వీడియో గేములు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. ఆటలో తలుపు దగ్గరికి వెళ్ళగానే తెర మీద గుండ్రటి బటన్ బొమ్మ వెలిగి, పక్కన "తెరువు" అని కనబడుతుంది చూడండి, గోడ పక్కకి వెళితే "ఎక్కు" అని ఇంకొకటి వస్తుంది, అలాంటివన్నీ గీసేది ఆమే. ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో ఆడేవాళ్ళకి చెప్పాలి. చెప్పినట్టు తెలియకుండా చెప్పాలి. బాగా గీస్తే ఎవరికీ గుర్తుండదు, సరిగ్గా గీయకపోతే మాత్రం అందరికీ గుర్తుంటుంది. పదకొండేళ్ళుగా ఈ పనే చేస్తున్న మనిషికి ఆఫీసువాళ్ళు బొత్తాలమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో ఉడుక్కుంది, ఇప్పుడు ఇంట్లోవాళ్ళు అసలు పేరు పెట్టి పిలిస్తేనే ఉలిక్కిపడుతుంది.

ఇప్పుడు తయారవుతున్న ఆటలో ఒక వరద ఉంది. మునిగిపోతున్న మేడ అంచున ఒక ముసలాయన వేలాడుతుంటాడు, కాపాడడానికి వచ్చిన ఆవిడ ఆయన చెయ్యి అందుకుంటుంది. ఆడేవాళ్ళు ఆరు సెకన్లపాటు బటన్ నొక్కి పట్టుకోవాలి. దీనికోసం బొత్తాలమ్మ బటన్ బొమ్మ చుట్టూ ఒక తెల్లటి రింగు గీసింది. నొక్కి పట్టుకున్నంతసేపూ అది నిండుతుంది, వేలు తీస్తే ఖాళీ అవుతుంది, ముసలాయన నీళ్ళపాలవుతాడు. గీసినావిడకి అంతా తేటతెల్లంగానే ఉంది. రెండుసార్లు బయటి మనుషుల్ని పిలిచి ఆడిస్తే మాత్రం, రెండుసార్లూ సగం మంది ఆ బటన్ని పట్టుకోకుండా టకటకా కొట్టారు. మూడోసారి కూడా జనానికి అర్థం కాకపోతే ఆ ఘట్టాన్నే తీసిపారేస్తానన్నాడు పెద్దసారు. ఇవాళ ఆ మూడోసారి.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఆట అంటే ఏమిటో తెలియని మనిషిని తెచ్చి కూర్చోబెడతారు. బొమ్మ గీసినవాళ్ళు గాజు గోడకి ఇవతల నిలబడి చూడాలి. ఆడేవాళ్ళు తికమకపడినా, తిట్టినా, ఏడ్చినా నోరు విప్పకూడదు. విప్పారో, ఆ బొమ్మ తప్పినట్టే లెక్క. "ఆట కొన్న ప్రతివాడి ఇంటికీ వెళ్ళి సోఫా వెనక నిలబడి చెప్తావా?" అంటాడు పెద్దసారు. 

ఆరుగురు రావాలి. ఆరో మనిషి రాలేనని నిన్న మధ్యాహ్నం కబురు పెట్టింది. బొత్తాలమ్మ ఉన్నపళంగా తన అక్కకి ఫోన్ చేసింది. అక్క ఇనప దూలాల యార్డులో క్రేన్ నడుపుతుంది, ఇరవై రెండేళ్ళుగా. బావ కూడా అక్కడే, ఆ క్రేన్ కింద పనిచేస్తాడు. వీడియో గేము ముఖం ఎరగదు. మొదటి అయిదుగురూ బొమ్మ చూడగానే పట్టుకున్నారు, ముసలాయన్ని పైకి లాగారు. ఇక మిగిలింది అక్క. అక్క బటన్ నొక్కింది, రింగు సగం దాకా నిండింది, ఉన్నట్టుండి ఖాళీ అయిపోయింది. అక్కడ ఆపాం.

ముసలాయన జారిపోయాడు. తెర మీద నీళ్ళు ఎగిసిపడి, ఆట మళ్ళీ మేడ అంచుకి వచ్చి నిలబడింది.

అక్క కంట్రోలర్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్ళజోడు పైకి తోసుకుంది. బటన్ బొమ్మ మళ్ళీ వెలగగానే బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కింది. టకటకా కొట్టలేదు. ఎవరూ చెప్పకుండానే పట్టుకుంది. బొత్తాలమ్మ ప్రాణం లేచివచ్చింది. ఒకటి, రెండు, మూడు సెకన్లు. రింగు నిండుతోంది. నాలుగో సెకను దగ్గర మళ్ళీ టక్కున ఖాళీ అయింది.

"వదల్లేదే నేను!" అంది అక్క గట్టిగా, గదిలో ఎవరూ లేకపోయినా.

బొత్తాలమ్మ అరచేత్తో నోరు మూసుకుంది. వదల్లేదని ఆమె కళ్ళారా చూసింది. అక్క చేతుల మీదికి తిప్పిపెట్టిన కెమెరా ఉంది, దాని బొమ్మ ఇవతల చిన్న తెర మీద కనబడుతోంది. వేలు బటన్ మీదే ఉంది. మరి తప్పు ఎక్కడుంది? రింగులోనా? తను నిన్న సాయంత్రం ఆఖరి నిమిషంలో రింగు ఖాళీ అయ్యే వేగం మార్చింది, అందులో ఏదైనా వెలగబెట్టిందా? అయిదుగురికి పనిచేసింది ఆరో మనిషికి ఎందుకు పనిచెయ్యదు? వెనక కుర్చీలో పెద్దసారు ఉన్నాడు. ఆయన చెప్పు నేలకేసి తడుతున్న చప్పుడు వినబడుతోంది.

పక్కన లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషిని ఆఫీసులో గడియారం గారు అంటారు. ఎవరు ఏ బటన్ ఎప్పుడు నొక్కారో, ఎంతసేపు పట్టుకున్నారో సెకనులో వెయ్యో వంతు దాకా రాసిపెట్టడం ఆయన పని. ఆయన తొందరపడగా చూసినవాళ్ళు లేరు. అలాంటి ఆయన లేచి, లోపలికి వెళ్ళి, "కంట్రోలర్ మారుస్తానండీ" అని అక్క చేతిలోది తీసుకుని కొత్తది పెట్టి వచ్చాడు. మళ్ళీ వచ్చి కూర్చుని అంకెల వంక చూడసాగాడు.

కొత్త కంట్రోలర్‌తోనూ అంతే. ముసలాయన మూడోసారి పోయాడు.

నాలుగోసారి అక్క ఏం చేసిందంటే, కుడి బొటనవేలు మీద ఎడమ బొటనవేలు వేసి, పళ్ళు బిగించి, రెండు వేళ్ళతోనూ అదిమింది. భుజాలు పైకి లేచాయి. రింగు నిండింది. ముసలాయన మేడ మీదికి వచ్చి పడ్డాడు. అక్క కంట్రోలర్ పక్కన పెట్టి, కుడిచెయ్యి గబుక్కున ఒళ్ళో దాచుకుంది.

వెనక కుర్చీ కిర్రుమంది. "ఆవిడకి ఏం చెయ్యాలో అర్థమైంది. మొదటిసారే అర్థమైంది. నాకు కావలసింది అదే," అన్నాడు పెద్దసారు. "బొమ్మ ఉంచేద్దాం. ఇంక దాన్ని ముట్టుకోకమ్మా, నీకు పుణ్యం ఉంటుంది."

ఆయన వెళ్ళిపోయాడు. మూడు నెలలుగా గుండెల మీద కూర్చున్న బరువు దిగింది, బొత్తాలమ్మకి నవ్వొచ్చింది, కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి. గడియారం గారి వైపు తిరిగింది, ఏదైనా ఒక మంచి మాట అంటాడేమోనని. ఆయన నవ్వడం లేదు.

"ఒకసారి ఇలా వస్తారా?" అన్నాడు.

లాప్‌టాప్ తెర మీద ఆరు గీతలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్కరి వేలు. నొక్కినప్పుడు గీత పైకి లేస్తుంది, పట్టుకున్నంతసేపూ నిలబడుతుంది, వదిలినప్పుడు పడిపోతుంది. అయిదు గీతలు తిన్నగా, బల్ల అంచుల్లా ఉన్నాయి. ఆరోదాంట్లో మాత్రం అక్కడక్కడా ఎలుకలు కొరికినట్టు సన్నటి గాట్లు ఉన్నాయి.

"ఇవేమిటి?"

"వేలు వదిలేసిన చోట్లు. రెప్పపాటులో సగం. మళ్ళీ పట్టుకుంటున్నారు."

"వదల్లేదండీ. నేను చూస్తూనే ఉన్నాను కదా."

"వేలు పైకి లేవడం లేదు. మీదే ఉంటోంది. నొక్కే బలం పోతోంది. రెండు కంట్రోలర్ల మీదా ఇంతే." గడియారం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను డాక్టర్ని కాదు. వేళ్ళు ఎప్పుడు నొక్కాయో ఎప్పుడు వదిలాయో చెప్పగలను, అంతకుమించి నాకేం తెలీదు. ఆవిడ వదుల్తున్నట్టు ఆవిడకి తెలీడం లేదు. అది మాత్రం ఖాయం."

బొత్తాలమ్మకి ముందు ఏమనిపించిందో చెబితే మీరు ఆమెని తిడతారు. అయినా చెప్పాలి. హమ్మయ్య, నా బొమ్మది తప్పు కాదన్నమాట, అనిపించింది. రెండు క్షణాలు నిజంగానే సంతోషించింది. ఆ తరవాత తను దేనికి సంతోషిస్తోందో తెలిసివచ్చి, సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"రెండు వారాల కిందట నేను ఒకటి అడిగాను, గుర్తుందా?" అన్నాడాయన నెమ్మదిగా. ఎందుకు గుర్తులేదు! చేతులు సరిగ్గా పనిచెయ్యనివాళ్ళ కోసం, నొక్కి పట్టుకోనక్కర్లేకుండా ఒక్కసారి నొక్కితే సరిపోయే సదుపాయం పెడదామన్నాడు. ఆమె ఒంటికాలి మీద లేచింది. పట్టుకోకుండానే పట్టుకున్నట్టు ఏమిటండీ, అప్పుడింక ఆ ఘట్టానికి అర్థమేముంది, అంది.

"మీ అక్కగారు ఏం చేస్తుంటారు?" అని అడిగాడు గడియారం గారు.

ఆమె ఆ ఆరు గీతల్నీ కాగితం మీద ప్రింటు తీయించుకుని టీ గదికి నడిచింది.

టీ గదిలో అక్క ఒక్కతే కూర్చుని ఉంది. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. కాగితం కప్పుని ఎడమ చేత్తో పట్టుకుంది. అక్క పుట్టుకతో కుడిచేతి మనిషి. కప్పు ఎడమ చేతిలో ఉండడం బొత్తాలమ్మ ఇప్పుడే గమనించింది. పోయిన నెల ఇంటికి వెళ్ళినప్పుడు కూడా అక్క ఎడమ చేత్తోనే తాళం తీసిందని ఇప్పుడే గుర్తొచ్చింది.

"ఏమే, నన్ను ఫెయిల్ చేశారా?" అంది అక్క నవ్వుతూ. "మీ ముసలాయనకి జారుడు బుద్ధి ఎక్కువే. అంత పట్టుకున్నా ఆగడు."

"పాసయ్యావు."

"మరి ఆ ముఖమేంటి, ఎవరో పోయినట్టు?"

బొత్తాలమ్మ ఎదురుగా కూర్చుంది. చేతిలో ఉన్న కాగితం బల్ల మీద పెట్టింది, ఆరు గీతల కాగితం. "ఇది నీ వేలక్కా" అని ఆరో గీత చూపించింది.

అక్క చూసింది. చూసి కాగితాన్ని వెనక్కి తోసేసింది. "మీ ఆట చెత్తాట. ఆ రిమోట్ లాంటిది బొత్తిగా చిన్నపిల్లల బొమ్మలా ఉంది. నా చేతికి సరిపోతుందా అది?"

"ఒకటి మార్చి ఇంకోటి ఇచ్చారు కదా."

"రెండూ చెత్తవే."

"అక్కా, నీ చెయ్యి చూపించు."

"నా చేతికేమైందే? లక్షణంగా ఉంది."

"అయితే చూపించు."

అక్క చూపించలేదు. కప్పు కింద పెట్టి, ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని ఒళ్ళోనే ఉంచుకుంది. ఇద్దరి మధ్యా పదేళ్ళ తేడా. చిన్నప్పుడు బొత్తాలమ్మకి జడ వేసింది, బడికి దింపింది, అమ్మ పోయాక అమ్మలా సాకింది ఆ చెయ్యే. ఆ చేతిని ఇప్పుడు దోషిని నిలదీసినట్టు నిలదీయాల్సి వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"ఎన్నాళ్ళ నుంచి ఏంటి? కాస్త తిమ్మిరి, అంతే. వయసు మీదపడుతోంది. నీకూ వస్తుంది, అప్పుడు చూస్తా నీ సంగతి."

"డాక్టరు దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్తే ఏమంటాడు? చెయ్యి పనికిరాదని రాసి పంపిస్తాడు. యార్డువాళ్ళు అది చూసి కిందికి దిగమంటారు. దిగి ఏం చెయ్యను? గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే లారీలకి సలాము కొట్టనా?" నవ్వు పోయింది అక్క గొంతులో. "ఇరవై రెండేళ్ళే. ఆడదానికి క్రేన్ ఏంటని పళ్ళికిలించినవాళ్ళందరూ ఇప్పుడు నా కింద నిలబడి నా వంకే చూస్తారు. అది వదులుకోమంటావా?"

ఆ మాటకి బొత్తాలమ్మ ఒక్క క్షణం మెత్తబడింది. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది.

అక్క క్రేన్ గదిలోకి ఆమె ఒకసారి వెళ్ళింది, క్రేన్ బటన్లు ఎలా ఉంటాయో చూద్దామని. అక్కడ క్రేన్ నడిపే జాయ్‌స్టిక్ మీదే, సరిగ్గా బొటనవేలి కింద ఒక బటన్ ఉంటుంది. యార్డులో దాన్ని కాపలా బటన్ అంటారు. అది నొక్కి పట్టుకుని ఉంటేనే క్రేన్ కదులుతుంది. వేలు తీస్తే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. పైన కూర్చున్న మనిషికి కళ్ళు తిరిగినా, ప్రాణమే పోయినా, దూలం కింద ఉన్నవాళ్ళ మీదికి పోకుండా పెట్టిన ఏర్పాటు. ఆ సాయంత్రం బొత్తాలమ్మ దాన్ని చూసే, తన రింగుకి ఆలోచన తెచ్చుకుంది.

"అక్కా, నీ వేలు ఇలా వదిలేస్తుంటే క్రేన్ మాటిమాటికీ ఆగిపోవాలి కదా?"

అక్క కప్పు అంచుని గోటితో గీకింది.

"ఆగుతోందా?"

"లేదు."

"ఎందుకాగట్లేదు?"

అక్క కిటికీ వైపు చూసింది. కింద రోడ్డు మీద ఎవరో బండిని తోసుకుంటూ పోతున్నారు. అది మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూస్తూనే ఉంది.

"మొదట్లో ఆగేది. దూలం గాల్లో ఉండగా టక్కున ఆగితే ఎంత ఊగుతుందో తెలుసా నీకు? ఒకసారి ఒకాయన తల పక్కనుంచి జానెడు దూరంలో పోయింది. ఆ రోజు కిందికి దిగాక వాంతి చేసుకున్నా. ఆగడమే ప్రమాదం గదా అనుకున్నా." ఆగి, పెదాలు తడుపుకుంది. "టేప్ వేశా."

"ఏం వేశావు?"

"టేప్ వేశానే. బటన్ని కిందికి నొక్కి, మీద టేప్ చుట్టి, పైన రబ్బరు తొడుగు వేసేశా. పైకి కనబడదు. పాత క్రేన్, దానికి అంత తెలివి లేదు, నేను పట్టుకునే ఉన్నాననుకుంటుంది."

కాపలాగా పెట్టినదాన్నే అక్క కట్టిపడేసింది. తను ఒంటికాలి మీద లేచి వద్దన్న సదుపాయాన్నే అక్క అడగాపెట్టకుండా టేప్ ముక్కతో ఏర్పాటు చేసుకుంది. తేడా ఏమిటంటే ఆటలో పడితే ముసలాయన మళ్ళీ మేడ అంచుకి వస్తాడు.

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగు నెలలు."

"నాలుగు..." లేచి నిలబడింది బొత్తాలమ్మ. "కింద బావ ఉంటాడు కదే! సైగలు చేసేది బావే కదా! నీకు స్పృహ తప్పితే? వేలు కాదు, చెయ్యే పడిపోతే? బావకి తెలుసా ఇది?"

"తెలిస్తే కింద నిలబడతాడా?" అని కసిరింది అక్క. కళ్ళు ఎర్రబడ్డాయి. "నేను చూసుకుంటున్నా. స్పీడు తగ్గించా, మనుషులు దూరం జరిగితే గానీ ఎత్తట్లేదు. ప్రతిరోజూ పొద్దున్న వేస్తున్నా, సాయంత్రం దిగేటప్పుడు తీసేస్తున్నా. ఒక్కరోజు కూడా..."

అక్కడ ఆగిపోయింది.

ఆగిపోయిన తీరు బొత్తాలమ్మకి నచ్చలేదు. అక్క ముఖంలోంచి రంగు మెల్లగా దిగిపోతోంది. కుర్చీ చేతిని పట్టుకుంది.

"ఏంటక్కా?"

"నిన్న నువ్వు ఫోన్ చేశావు. ఇవాళ రావాలంటే సెలవు చీటీ నాలుగింటిలోపు ఇవ్వాలన్నారు. నేను పైనుంచి పరిగెత్తుకుంటూ దిగా."

"దిగి?"

"తియ్యలేదే. నిన్న టేప్ తియ్యలేదు."

టీ గదిలో నీళ్ళ యంత్రం గుడగుడమంది. ఉన్నపళంగా రమ్మని బతిమాలింది తనే. ఆరో మనిషి కోసం, ఒక బటన్ బొమ్మ కోసం. "ఇవాళ నీ క్రేన్ ఎవరెక్కారు?" అంది.

"అయిదో క్రేన్ ఆయన. ఆయన జాయ్‌స్టిక్ మధ్యకి తెచ్చి ఆపడు. వేలు తీసి ఆపుతాడు. మా దగ్గర సగం మందికి అదే అలవాటు." అక్క గొంతు సన్నబడింది. "వేలు తీస్తాడు, అది ఆగదు."

"ఎప్పుడెత్తుతారు?"

"పొద్దున్న సరుకుండదు. మొదటి లారీ పదకొండున్నరకి."

ఇద్దరూ ఒకేసారి గోడ వైపు చూశారు. పదకొండూ పంతొమ్మిది.

బావకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మోగుతుంది గానీ ఎవరెత్తుతారు? యార్డులోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పడేసి వెళ్ళాలి. ఇక గేటు ఆఫీసుకి చెయ్యడం ఒక్కటే దారి. అక్క ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

"బటన్ పాడైందని చెప్పు," అంది బొత్తాలమ్మ గబగబా. "నిన్ననే అనుమానం వచ్చిందని చెప్పు. టేప్ సంగతి ఎత్తకు. వాళ్ళు ఆపేస్తారు, ఈలోపు మనం వెళ్ళి తీసేద్దాం."

ఆమె ఈ మాట అనడం మీకు నచ్చకపోవచ్చు. అక్క ఉద్యోగం పోకుండా, బావ తల పగలకుండా రెండూ కావాలనుకుంది, అంతే. ఆ స్థితిలో ఎవరైనా అదే అంటారు.

అక్క తల అడ్డంగా ఊపింది. "పాడైందంటే ఆపరు. ఇవాళ్టికి ఎలాగో లాగించెయ్, రేపు చూద్దాం అంటారు. ఇరవై రెండేళ్ళుగా వింటున్నా ఆ మాట. బటన్ అసలు లేదని తెలిస్తేనే ఆపుతారు."

"చెప్తే నీ లైసెన్సు పోతుందక్కా. కేసు కూడా పెట్టొచ్చు."

"తెలుసు."

తెలుసని చెప్పాక కూడా ఆమె చెయ్యి కదలలేదు. పదకొండూ ఇరవై ఒకటి అయింది. బొత్తాలమ్మకి అరవాలనిపించింది, ఫోన్ లాక్కుని తనే చేసేయాలనిపించింది. అంతలో అక్క నంబర్ నొక్కడం మొదలుపెట్టింది. వేలు ఒక అంకె మీద తడబడింది, తుడిచి మళ్ళీ మొదటినుంచి నొక్కింది. స్పీకర్ పెట్టి ఫోన్‌ని బల్ల మీద, ఆరు గీతల కాగితం పక్కన ఉంచింది.

నాలుగుసార్లు మోగింది. "గేటాఫీసు," అన్నాడు అవతల గుమాస్తా.

"నేను, మూడో క్రేన్ అక్కని. నా క్రేన్ ఎవర్నీ ముట్టుకోనివ్వకు. వెంటనే ఆపించు. జాయ్‌స్టిక్ తొడుగు కింద టేప్ ఉంది. కాపలా బటన్ పనిచెయ్యదు. వేసింది నేనే, నాలుగు నెలలైంది. వింటున్నావా? నేనే వేశా."

ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అవతల కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. గుమాస్తా మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు బాగా తగ్గించాడు.

"ఆపే ఉందక్కా. పొద్దున్నే ఆపేశారు."

అక్క రెండు మోచేతులూ బల్లకి ఆనించి, తల దించేసుకుంది. బొత్తాలమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"ఎవరికైనా ఏమైనా..."

"ఎవరికీ ఏం కాలేదు. అయిదో క్రేన్ ఆయన ఖాళీ కొక్కెంతో చూసుకుంటుంటే ఆగలేదంట, గోల చేశాడు. అంతే."

"మరి నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?"

"మీకెందుకు చేస్తామక్కా?" గుమాస్తా తడబడ్డాడు. "మీ ఆయన ఒప్పేసుకున్నాడు కదా."

అక్క తలెత్తింది. "ఏమని?"

"టేప్ తనే వేశానని. పని తొందరగా అవుతుందని, మీకు తెలీకుండా వేశానని. తొడుగు విప్పకముందే చెప్పాడక్కా, దాని కింద టేప్ ఉంటుందని. పెద్దాఫీసులో కూర్చోబెట్టారు. కాగితం కూడా రాసిచ్చేశాడు, భద్రత చూసే ఆఫీసరు వస్తే సంతకం పెట్టిస్తారు. ఆయన దారిలో ఉన్నాడు."

"విప్పకముందే?" అంది అక్క.

"విప్పకముందే."

అక్క ముఖం చూడలేక బొత్తాలమ్మ పక్కకి తిరిగింది. విప్పకముందే చెప్పాడంటే బావకి ముందే తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో ఏమో. తెలిసీ రోజూ పొద్దున్నే వెళ్ళి, ఆ దూలం కింద నిలబడి, పైకి చూసి సైగలు చేశాడు.

అవతల గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "అక్కా, ఇక్కడికి వచ్చిన ప్రతి ఫోనూ పుస్తకంలో రాయాలి, మీకు తెలుసు కదా. ఎవరు చేశారు, ఏం చెప్పారు, అన్నీ." పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు వినబడింది. "మీది ఇంకా రాయలేదు. రాయమంటారా?"